అమ్మానాన్నలను బెంగళూరుకు తెచ్చుకున్నారా? ఇంట్లో పెద్దవాళ్లను చూసుకోవడానికి సమగ్ర మార్గదర్శి

నాన్న పోయిన ఆరు నెలలకు అమ్మను ధర్మవరం నుంచి కె.ఆర్.పురంలో మా ఫ్లాట్‌కు తెచ్చుకున్నాను. అప్పటికి ఆమెకు డెబ్భై మూడేళ్లు. బీపీ, షుగరు, థైరాయిడ్, రెండు మోకాళ్ల నొప్పులు. మా వీధిలో ఉన్నన్నాళ్లూ అమ్మను వీధే కనిపెట్టుకుని ఉండేది. పొద్దున ముగ్గు పడకపోతే ఎదురింటి పిన్ని తలుపు తట్టేది. నడక తేడాగా ఉంటే పాలు పోసే ఆయన అడిగేవాడు. ఫ్లాట్‌కు వచ్చాక ఆ కళ్లన్నీ పోయాయి. పొద్దున ఎనిమిదికి నేనూ మా ఆయనా ఆఫీసులకు వెళ్తే సాయంత్రం దాకా ఆమె ఎలా ఉందో చూసేవాళ్లే లేరు.

నేను డాక్టర్ని కాను. అయిదేళ్లుగా అమ్మను చూసుకుంటూ, డాక్టర్లను అడిగి, కొన్ని దెబ్బలు తిని నేర్చుకున్నది రాస్తున్నాను. పెద్దవాళ్లను చూసుకోవడమంటే ముందు వాళ్ల మామూలు స్థితి మనకు తెలిసి ఉండాలి. దాంట్లో చిన్న తేడా వచ్చినా పట్టుకోగలగాలి. కింద చెప్పే పనులన్నీ దాదాపు దానికోసమే. వరస కూడా ముఖ్యమే, మొదటి రెండు పనులు వాళ్లు వచ్చిన వారంలోనే చేసేయండి.

మొదటి పని: మందుల కవరు బోర్లించండి

అమ్మ మందులు ఒక బట్టల కొట్టు కవర్లో ఉండేవి. వచ్చిన మూడో వారం బాత్రూము గడప దగ్గర పడిపోయింది. అదృష్టం, మోచేయి కమిలింది తప్ప ఎముకలేవీ విరగలేదు. "నాకేం గాలేదు పాపా, కండ్లు చీకట్లు కమ్మినాయి, అంతే" అంది. బీపీ చూస్తే పైఅంకె 94. ఆ రాత్రి కవరు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద బోర్లించాను. ఒక తెల్ల స్ట్రిప్, ఒక ఎర్ర అంచు స్ట్రిప్. కంపెనీలు వేరు, పేర్లు వేరు. వెనక్కి తిప్పి కంపెనీ పెట్టిన పేరు కింద ఉన్న సన్నటి అక్షరాలు చదివితే రెండింటి మీదా ఒకటే బీపీ మందు: టెల్మిసార్టాన్ 40. ఊళ్లో డాక్టరు రాసింది మానలేదు, ఇక్కడి డాక్టరు రాసింది మొదలుపెట్టింది. పొద్దున రెండూ వేసుకుంటోంది. ఆమె తప్పేమీ లేదు. ఇది వేసుకో అన్నారే గానీ అది మానెయ్యి అని ఎవరూ చెప్పలేదు.

అందుకే ముందుగా ఇంట్లో ఉన్న ప్రతి మందూ ఒకచోట చేర్చండి. బీరువాలోవి, హ్యాండ్‌బ్యాగులోవి, దిండు కిందవి, ఆయుర్వేదం, హోమియో, నొప్పులకు పూసే ఆయింట్‌మెంటు, పక్కింటావిడ ఇచ్చిన మాత్ర కూడా. ఒక తెల్ల కాగితం మీద స్ట్రిప్ వెనక ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడు వేసుకోవాలి, ఎందుకు, ఎవరు రాశారు అని గళ్లు గీసి నింపండి. అసలు పేరు రెండుసార్లు కనిపిస్తే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఎందుకు వేసుకుంటున్నారో ఎవరికీ తెలియని మందు ఉంటే దాని చుట్టూ గీత గీయండి. మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. కొన్ని బీపీ, గుండె మందులు, నిద్రమాత్రలు, స్టెరాయిడ్లు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. డాక్టరు ముందు ఆ కాగితం పెట్టి "వీటిలో ఇప్పుడు అక్కర్లేనివి ఏమన్నా ఉన్నాయా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు అమ్మ మందులు పదకొండు నుంచి ఏడుకు తగ్గాయి.

కొన్ని విషయాలు ప్రత్యేకంగా చూసుకోవాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని, కాఫీ తాగడానికి అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దానికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు. తిమ్మిర్లు, నీరసం ఉంటే ఆ పరీక్ష గురించి అడగండి. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కిడ్నీల మీద దెబ్బ కొడతాయి, బీపీ మందులు వాడేవాళ్లకు మరీను. జలుబు మాత్రలు, నిద్రమాత్రలు పెద్దవాళ్లలో మత్తు, తడబాటు తెస్తాయి, వాటి వల్ల పడిపోతారు కూడా.

తర్వాత వారం రోజుల గళ్లున్న మందుల డబ్బా కొని ఆదివారం సాయంత్రం నింపండి. గడి ఖాళీ అయిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. ఖర్చు ఎక్కువైతే జన ఔషధి దుకాణాల్లో అసలు పేరు చెప్పి అడగండి, చాలా మందులు బాగా తక్కువ ధరకు దొరుకుతాయి.

రెండో పని: మామూలు రోజును నోట్‌బుక్‌లో రాయండి

ఒక వంద పేజీల నోట్‌బుక్ కొనండి. వాళ్లు ఆరోగ్యంగా ఉన్న ఒక వారం మొత్తం గమనించి మొదటి పేజీలో రాయండి. ఎన్నింటికి లేస్తారు, రాత్రి ఎన్నిసార్లు బాత్రూముకు వెళ్తారు, ఎన్ని ఇడ్లీలు తింటారు, లిఫ్ట్ దాకా ఆగకుండా నడుస్తారా, మనవళ్ల పేర్లు తడుముకోకుండా చెప్తారా, బరువు ఎంత, బీపీ, షుగరు సాధారణంగా ఎంత ఉంటాయి. అమ్మ పేజీలో "పొద్దున 5.10కి లేస్తుంది, కాఫీకి ముందు మాట్లాడదు" అని కూడా ఉంది. ఒక రోజు ఏడు దాకా లేవకపోతే ఆ వాక్యం వల్లే వెంటనే చూశాం. జ్వరం 102 ఉంది.

బీపీ చూసేటప్పుడు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టండి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. అరగంట ముందు కాఫీ వద్దు. కళ్లు తిరుగుతున్నాయంటే పడుకుని ఉండగా ఒకసారి, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు మరోసారి చూడండి. పైఅంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే డాక్టరుకు చెప్పండి. అలాంటివాళ్లు మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు ఆడించి, అప్పుడు లేవాలి.

నెలకోసారి ఒక చిన్న నడక పరీక్ష చేయండి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో ఫోన్‌లో చూడండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే అవకాశం ఎక్కువని అర్థం, ఫిజియోథెరపిస్టును కలవాలి. బరువు కూడా నెలకోసారి. ప్రయత్నించకుండా ఆరు నెలల్లో అయిదు శాతం తగ్గితే, అంటే అరవై కిలోల మనిషి మూడు కిలోలు తగ్గితే, వయసు కదా అని వదిలేయకూడదు.

మూడో పని: బాత్రూము

ఇల్లంతా మార్చక్కర్లేదు, బాత్రూముతో మొదలుపెట్టండి. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసేచోట ఒకటి స్టీలు పట్టుకమ్మీలు గోడలోకి బోల్టులతో బిగించాలి. టవల్ రాడ్డు మనిషి బరువు ఆపదు, కానీ జారినప్పుడు చెయ్యి దాని మీదకే పోతుంది, అందుకే దాన్ని తీసేయించాను. అద్దె ఇల్లయితే ఓనర్‌ను ముందే అడగండి. మేం అడిగితే ఆయన ఒప్పుకున్నారు, వాళ్లింట్లోనూ ఒక పెద్దావిడ ఉన్నారు. కమోడ్ తక్కువ ఎత్తులో ఉంటే పైన పెట్టే ఎత్తు సీటు దొరుకుతుంది. స్నానానికి రబ్బరు కాళ్ల ప్లాస్టిక్ స్టూలు. లోపల గడియ వద్దు, లేదా బయటి నుంచి తెరవగలిగేది పెట్టించండి. గీజరు వేడి తగ్గించి పెట్టండి, షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు కాలినా తెలియదు. మంచం నుంచి బాత్రూము దాకా రాత్రంతా చిన్న లైటు వెలగాలి. గుమ్మం ముందు గుడ్డ పట్టాలు తీసేయండి. చీర కుచ్చిళ్లు, పంచె కాళ్లకు అడ్డం పడుతుంటే ఇంట్లో వరకు నైటీ, పైజామా బాగుంటాయేమో మెల్లగా అడిగి చూడండి. అమ్మ ఏడాది పట్టింది ఒప్పుకోవడానికి.

పడిపోతే చంకల కింద చేతులు పెట్టి వెంటనే లేపకండి. ఎక్కడ నొప్పో అడగండి. ఒక కాలు పొట్టిగా అయినట్టు, పాదం బయటికి తిరిగినట్టు కనిపిస్తే తుంటి ఎముక విరిగి ఉండొచ్చు. కదపకుండా అంబులెన్స్ పిలవండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు తలకు దెబ్బ తగిలించుకుంటే, పైకి బాగానే ఉన్నా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లి స్కాన్ అవసరమేమో చూపించాలి.

తుంటి విరిగితే ఊరి నుంచి ఫోన్లు వస్తాయి, "ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు, పుత్తూరు కట్టు కట్టించండి" అని. ప్రేమతోనే చెప్తారు. కానీ తుంటి విషయంలో ఆ మాట వినొద్దని చేతులు జోడించి చెప్తున్నాను. నెలల తరబడి మంచంలో ఉంటే పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు వస్తాయి, చాలామంది వాటితోనే పోతారు. వీలైనంతవరకు 48 గంటల్లోపు ఆపరేషన్ చేసి త్వరగా నడిపించడమే ఇప్పటి వైద్యం.

నాలుగో పని: ఒక్క డాక్టరును పట్టుకోండి

గుండెకొకరు, షుగరుకొకరు, మోకాళ్లకొకరు ఉన్నా, అన్నిటినీ కలిపి చూసే ఒక ఫిజీషియన్ కావాలి. బెంగళూరు పెద్ద ఆస్పత్రుల్లో కొన్నిచోట్ల పెద్దవాళ్లకే జెరియాట్రిక్ విభాగం ఉంది, దొరికితే అదే మంచిది. గుండెకు జయదేవ, నరాలకు, మతిమరుపుకు నిమ్హాన్స్ ప్రభుత్వ సంస్థలే. రద్దీ ఎక్కువ, ఒక రోజు సెలవు పెట్టుకుని పాత రిపోర్టులన్నీ పట్టుకుని పొద్దున్నే వెళ్లాలి.

ఈ ఊళ్లో తెలుగు అర్థమయ్యే డాక్టర్లు, నర్సులు చాలామందే ఉన్నారు, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. డాక్టరు ఇంగ్లిష్‌లో మనల్ని అడుగుతారు, మనం ఇంగ్లిష్‌లో చెప్పేస్తాం, పక్కన కూర్చున్న మనిషి గోడకేసి చూస్తూ ఉంటుంది. నేను చాలాసార్లు ఇలాగే చేశాను. ఒకసారి అమ్మే నా చెయ్యి పట్టుకుని ఆపి తెలుగులో డాక్టరుకు చెప్పింది, మూత్రం ఆపుకోలేకపోతోందని, అందుకే నీళ్లు తాగడం మానేసిందని. అది నాకు తెలియదు. అప్పటి నుంచి మొదటి అయిదు నిమిషాలు ఆమెవే, నేను తర్జుమా మాత్రమే చేస్తాను.

చెవులు, కళ్లు, పళ్లు ఏడాదికోసారి చూపించండి. ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి అడగండి.

అయిదో పని: రాత్రికి రాత్రి మనిషి మారిపోతే

పోయిన ఏడాది ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ చేతిసంచి పట్టుకుని హాల్లో నిలబడి ఉంది. "ధర్మవరం బస్సు ఎన్నింటికి?" అని అడిగింది. నాన్న స్టాండులో ఎదురుచూస్తున్నాడట. మొన్నటిదాకా లెక్కలు నోటితో చెప్పిన మనిషి. మతిమరుపు వచ్చేసిందేమోనని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆస్పత్రిలో తేలింది, మూత్రంలో ఇన్ఫెక్షన్. మందులిచ్చాక వారానికి మళ్లీ మామూలు మనిషైంది.

మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ల మీద వస్తుంది. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో మనిషి అయోమయంలో పడితే, లేదా ఎప్పుడూ లేనంత మగతగా ఉంటే, దాని వెనక వేరే కారణం ఉంటుంది: ఇన్ఫెక్షన్, ఒంట్లో సోడియం తగ్గడం, నీళ్లు తాగకపోవడం, మలబద్ధకం, మూత్రం ఆగిపోవడం, కొత్త మందు. చాలావరకు నయమవుతుంది. ఆ రోజే చూపించాలి, తెల్లారాక చూద్దామని ఆగకూడదు. "ఈమె మామూలుగా ఇలా ఉండదు" అని డాక్టరుకు గట్టిగా చెప్పండి, లేకపోతే వయసు వల్ల అనుకునే అవకాశం ఉంది. ఆ రోజు నాకు నోట్‌బుక్ మొదటి పేజీ అక్కరకొచ్చింది.

మూతి ఒకవైపు వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతమనే అనుకోవాలి. ఎప్పటిదాకా బాగున్నారో ఆ టైమ్ గుర్తుపెట్టుకోండి, రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, అందులోనూ ఎంత తొందరగా వెళ్తే అంత మేలు. నోట్లో నీళ్లు, మాత్రలు ఏవీ వేయకండి. మన ట్రాఫిక్ తెలుసు కదా, అందుకే ఈ పని ముందే చేసిపెట్టుకోవాలి: మీ ఇంటికి దగ్గరలో 24 గంటలూ సీటీ స్కాన్, పక్షవాతానికి చికిత్స ఉన్న ఆస్పత్రి ఏదో ఫోన్ చేసి కనుక్కోండి, సాయంత్రం రద్దీలో ఒకసారి కారులో వెళ్లి ఎంతసేపు పడుతుందో చూడండి. 108 నంబరు, ఆ ఆస్పత్రి ఎమర్జెన్సీ నంబరు, మందుల లిస్టు, ఫ్లాట్ నంబరుతో సహా అడ్రసు ఫ్రిజ్ మీద అంటించండి. అపార్ట్‌మెంట్ సెక్యూరిటీకి కూడా ఒక కాపీ ఇవ్వండి, అంబులెన్స్‌కు గేటు తీసి లిఫ్ట్ ఆపిపెట్టేది ఆయనే.

షుగరు మందులు వాడేవాళ్లకు చెమటలు, వణుకు, తికమక వస్తే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే, తెలివిలో ఉంటే, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108.

తిండి, నీళ్లు

బెంగళూరు చల్లదనంలో దాహం వేయదు, వయసుతో దాహం మామూలుగానే తగ్గుతుంది. పొద్దున ఒక లీటరు సీసా నింపి ఎదురుగా పెట్టండి, సాయంత్రానికి ఎంత మిగిలిందో చూడండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఎంత నీళ్లివ్వాలో డాక్టరే చెప్పాలి. సంగటి, పప్పు, గుడ్డు, పెరుగు పూటపూటకూ ఉండాలి. ఒట్టి చారన్నంతో కండ కరిగిపోతుంది. తినేటప్పుడు దగ్గు, పొలమారడం మాటిమాటికీ ఉంటే నిటారుగా కూర్చోబెట్టి మెల్లగా పెట్టండి, మింగడంలో ఇబ్బందేమో చూపించండి.

ఆరో పని: వాళ్లకంటూ ఒక రోజు ఉండాలి

అమ్మ మొదటి ఏడాది బాల్కనీలో కూర్చుని కింద కార్లు లెక్కపెట్టేది. నేను టీవీలో తెలుగు ఛానళ్లు పెట్టించి నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె తిండి తగ్గింది, "నేనెందుకు మీకు భారం" అనే మాట మొదలైంది. పెద్దవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కనిపించదు. ఒళ్లు నొప్పులుగా, ఆకలి లేకపోవడంగా, చిరాకుగా బయటపడుతుంది. దానికి వైద్యం ఉంది.

మాకు పనికొచ్చింది రెండు సంగతులు. ఒకటి, సాయంత్రం అయిదుకు పార్కులో కూర్చునే నలుగురు తెలుగు, కన్నడ ఆడవాళ్లతో పరిచయం చేయించడం. ఇప్పుడు సగం కన్నడం, సగం తెలుగుతో గంటలు గడిచిపోతాయి. రెండోది, ఆమె చేయగలిగిన పని ఆమెకే వదిలేయడం. కూరగాయలు తరగడం, పూజ సామాను తోమడం, నా కొడుక్కి పద్యాలు నేర్పడం. నెమ్మదిగా చేస్తోందని చేతిలోంచి లాక్కోకండి.

నగరంలో పెద్దవాళ్లకు 1090 అనే హెల్ప్‌లైన్ ఉంది, నైటింగేల్స్ మెడికల్ ట్రస్టు, నగర పోలీసులు కలిసి 2002 నుంచి నడుపుతున్నారు. వేధింపులు, ఆస్తి గొడవలకు కూడా సాయం అడగొచ్చు. దేశమంతటికీ ఉన్న ఎల్డర్‌లైన్ నంబరు 14567.

కేర్‌టేకర్‌ను పెట్టుకుంటే

ఏజెన్సీ ద్వారా తీసుకున్నా ఆధార్ కాపీ, పోలీసు వెరిఫికేషన్, ముందు పనిచేసిన ఇంటివాళ్ల ఫోన్ నంబరు అడగండి. మా ఇంటికి వచ్చిన మొదటి అమ్మాయికి గ్లూకోమీటర్ వాడటం రాదు. వచ్చని ఏజెన్సీ చెప్పింది, మేం నమ్మి చూడలేదు. అందుకే మొదటి మూడు రోజులు మీరు సెలవు పెట్టి పక్కనే ఉండండి. మంచానపడ్డ మనిషయితే రెండు గంటలకోసారి పక్క మార్చడం, మడమలు, నడుం కింద చర్మం ఎర్రబడిందేమో చూడటం చేసి చూపించమనండి. తెలుగో కన్నడమో వచ్చినవాళ్లయితే సగం బాధ తగ్గుతుంది. ఆ అమ్మాయికీ వేళకు తిండి, వారానికో సెలవు ఉండాలి.

డబ్బు, కాగితాలు

డెబ్భై ఏళ్లు నిండినవాళ్లెవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. 2024 అక్టోబరులో మొదలైంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు ఆస్పత్రిలో చేరి తీసుకునే చికిత్సకు. ఆధార్ ఉంటే ఆయుష్మాన్ యాప్‌లో చేసుకోవచ్చు. కర్ణాటకలో ఈ కార్డు చెల్లుతోందో లేదో, మీ దగ్గర ఆస్పత్రి ఆ పథకంలో ఉందో లేదో ముందే చూడండి. ఆధార్‌కు వాళ్ల పాత సిమ్ నంబరే ఉంటే మార్పించండి, లేకపోతే ఓటీపీ దగ్గర అన్నీ ఆగిపోతాయి. ప్రభుత్వ పింఛను తీసుకునేవాళ్లు ఏటా నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్‌ను జీవన్ ప్రమాణ్ యాప్‌లో ఫోన్ కెమెరాతో ఇక్కడి నుంచే ఇవ్వొచ్చు.

ఆఖరిది: ఇంటి మనుషులు కూర్చుని మాట్లాడుకోవాలి

చూసుకునే పని ఒక్కరి మీద పడితే ఆ మనిషి కుంగిపోతారు. చాలా ఇళ్లలో అది కూతురో కోడలో అవుతుంది. దూరంగా ఉన్న తోబుట్టువులకు కూడా పని పంచండి. మా తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు. మందుల ఆర్డరు, ఇన్సూరెన్స్, రోజూ రాత్రి ఎనిమిదికి అమ్మతో వీడియో కాల్ వాడి బాధ్యత. ఏడాదికి రెండుసార్లు పది రోజులు వచ్చి ఉంటాడు, అప్పుడు నేను నిద్రపోతాను.

అడగడానికి నోరు రాని ప్రశ్న కూడా ఒకటుంది. కోలుకోలేని స్థితి వస్తే వెంటిలేటరు మీద ఉంచాలా, ఇంటికి తీసుకెళ్లాలా? ఆరోగ్యంగా ఉన్నప్పుడే అడగాలి. వాళ్ల కోరికను ముందే రాసిపెట్టే కాగితాన్ని, అంటే ముందస్తు వైద్య ఆదేశాన్ని, సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో పద్ధతి తేలిక చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో దీని అమలుకు ఉత్తర్వు ఇచ్చింది.

నేను ఉగాది మర్నాడు, ఇంట్లో అందరం ఉన్నప్పుడు అడిగాను. అమ్మ ఏమీ కంగారుపడలేదు. "మీ నాయన్ను గొట్టాలతో ఇరవై రోజులు పెట్టినారు. నాకట్లా వద్దు. తెలివుండంగనే ధర్మవరం తీసకపోండి" అంది. తమ్ముడు తలుపు దగ్గర నిలబడి విన్నాడు. ఆ మాటల్ని వకీలు చేత కాగితం మీద రాయించి, అమ్మకు చదివి వినిపించి సంతకం పెట్టించాం. ఒక కాపీ డాక్టరు దగ్గర, ఒకటి తమ్ముడి దగ్గర, ఒకటి మందుల లిస్టుతో పాటు ఫైల్లో ఉంది.